ఏసీ మెకానిక్ పని ఎలా ఉంటుంది? హైదరాబాద్‌లో ఈ లైన్‌లోకి రావాలనుకునేవాళ్లకు

చల్లటి గదుల్లో కూర్చుని చేసే పని అనుకుని ఏసీ లైన్‌లోకి వచ్చేవాళ్లు మొదటి ఎండాకాలంలోనే మానేస్తారు. ఏసీ పనిచేయని గదిలోనే మెకానిక్‌కు పని. మే నెల మధ్యాహ్నం, ఎండ 42 డిగ్రీలు దాటిన వేళ, డాబా మీద కాలిపోతున్న ఔట్‌డోర్ యూనిట్ పక్కన కూర్చుని గేజ్ (గ్యాస్ ఒత్తిడి చూపే మీటరు) ముల్లు చూడటం ఈ పనిలో రోజూ ఉండేదే. హోలీ దాటిందంటే ఫోన్లు మొదలవుతాయి, మృగశిర కార్తెకు వానలు పడేదాకా ఆగవు. ఆ మూడు నాలుగు నెలలూ పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే రాత్రి పదింటికి ఇల్లు చేరడం మామూలే. ఆ తర్వాత పని ఒక్కసారిగా పడిపోతుంది. సంవత్సరం సంపాదనలో పెద్ద భాగం సీజన్‌లోనే వస్తుంది కాబట్టి ఖర్చులు కూడా దాన్ని బట్టే వేసుకోవాలి.

ఇది సుఖమైన పని కాదు. కానీ బుర్ర పెట్టి చేసేవాడికి ఎప్పటికీ పని కరువుండదు. ఎందుకంటే గ్యాస్ నింపేవాళ్లు ఊరంతా ఉన్నారు, లోపం ఎక్కడుందో పట్టుకునేవాళ్లు తక్కువ. ఈ పనిలో నైపుణ్యమంతా ఆ పట్టుకోవడంలోనే ఉంది.

ఎక్కడ నేర్చుకోవాలి

పదో తరగతి పాసైతే ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ రెండేళ్లు చదవొచ్చు. నగరంలో మల్లేపల్లి ఐటీఐ పేరు అందరికీ తెలిసిందే. ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్‌లో తక్కువ కాలం కోర్సులుంటాయి. ఇవేవీ లేకుండా ఉస్తాద్ వెంట హెల్పర్‌గా తిరిగి నేర్చుకున్నవాళ్లే ఈ లైన్‌లో ఎక్కువ.

మా సలహా: రెండూ కలపండి. ఐటీఐలో చదువుతూ ఎండాకాలం సెలవుల్లో ఉస్తాద్ వెంట వెళ్లండి. ఒట్టి చదువుతో చెయ్యి తిరగదు. ఒట్టి చేతిపనితో వచ్చినవాళ్లు, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ వేగాన్ని బోర్డుతో మార్చుకునే ఇన్వర్టర్ ఏసీలు రాగానే ఆగిపోయారు. సర్క్యూట్ బొమ్మ చదవడం, రెసిస్టెన్స్ కొలవడం, డీసీ వోల్టేజ్ అంటే ఏమిటో తెలియడం ఇప్పుడు తప్పనిసరి. పైగా హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసు బిల్డింగుల్లో ఉద్యోగానికి సర్టిఫికెట్ అడుగుతారు.

ఆ బిల్డింగుల పని పూర్తిగా వేరు. అక్కడ చిల్లర్ ప్లాంట్ (నీళ్లను చల్లబరిచి బిల్డింగంతా పంపే పెద్ద యంత్రాలు) ఉంటుంది, మూడు షిఫ్టులు. గంటకోసారి లాగ్ బుక్‌లో చిల్డ్ వాటర్ వెళ్లేది ఎంత, వచ్చేది ఎంత (మామూలుగా 7, 12 డిగ్రీలు), ప్రెషర్లు, ఆంప్స్ రాయాలి. ఏహెచ్‌యూ (ఆ నీళ్లతో గాలిని చల్లబరిచి ఊదే యూనిట్) ఫిల్టర్లు కడగాలి, కూలింగ్ టవర్ చూసుకోవాలి. నెల జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. ఎక్కువగా కాంట్రాక్టర్ కింద తీసుకుంటారు కాబట్టి చేరేముందే ఆ రెండూ కడతారో లేదో అడగండి. స్థిరమైన పనే, కాకపోతే మొదటి సంవత్సరం దాటాక కొత్తగా నేర్చుకునేది తగ్గిపోతుంది. ఇళ్ల సర్వీసులో ప్రతి కాల్ కొత్తదే. ఇక్కడినుంచి చెప్పేదంతా ఇళ్ల పని గురించే.

హెల్పర్‌గా మొదటి నెలలు

మోయడం, కడగడం. ఔట్‌డోర్ యూనిట్ పాతిక నుంచి నలభై కిలోలుంటుంది. లిఫ్ట్ లేని మూడంతస్తుల ఇల్లయితే భుజం మీదే ఎక్కించాలి. నడుము వంచి ఎత్తితే ఏడాది తిరక్కుండానే నడుం పట్టేస్తుంది. మోకాళ్లు వంచి, యూనిట్‌ను ఒంటికి ఆనించి లేపాలి.

కడగడం చిన్న పని అనుకోవద్దు. సర్వీసులో కరెంటు ప్లగ్గు తీశాక మొదట చేయాల్సింది పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ఉన్న వైపు పాలిథిన్ కప్పి టేపు వేయడం. ఒక్క చుక్క లోపలికి పోయినా మరుసటి రోజు కంప్లైంట్ మీ మీదకే. ఇండోర్ కింద వాటర్ బ్యాగ్ కట్టి, మంచం మీద, సోఫా మీద పాత దుప్పటి పరవాలి. జెట్ పంపు నీళ్లు ఫిన్స్‌కు ఎదురుగా, సూటిగా పడాలి. పక్కనుంచి కొడితే పల్చటి అల్యూమినియం రేకులు మడుచుకుపోయి గాలి ఆడదు. బ్లోవర్ (గాలి ఊదే చక్రం) రెక్కల మధ్య నల్లగా పేరుకున్న మట్టిని బ్రష్‌తో తీశాకే నీళ్లు కొట్టాలి. గాలి తక్కువ వస్తోందన్న కంప్లైంట్లు సగం అక్కడే తీరిపోతాయి. కాయిల్ తెల్లగా మెరవాలని యాసిడ్ కలిపిన నీళ్లు కొట్టేవాళ్లున్నారు. ఆ మెరుపు రెండు రోజులే, ఫిన్స్ మాత్రం పొడిపొడిగా రాలిపోతాయి. అలా చేయకండి.

కొత్త ఏసీ ఫిట్టింగ్

ఫిట్టింగ్ గంటలో ముగించేసి పోయే టీములున్నాయి. సరిగ్గా చేస్తే ఇద్దరికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ఆ తేడా అంతా పైపుల దగ్గర, వాక్యూమ్ (పైపుల్లోని గాలి, తేమ పంపుతో లాగేయడం) దగ్గర ఉంటుంది.

ముందు ఔట్‌డోర్ ఎక్కడ పెట్టాలో చూడండి. అపార్టుమెంట్లలో బిల్డర్ వదిలిన ఇరుకు డక్ట్‌లో నాలుగైదు ఔట్‌డోర్లు ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఒకదాని వేడి గాలి ఇంకోటి పీలుస్తుంది. అద్దాలు బిగించేసిన బాల్కనీ కూడా అంతే. రాత్రిపూట బాగా నడిచి, మధ్యాహ్నం మూడింటికి ట్రిప్ అయ్యే మిషన్లలో చాలావాటి జబ్బు ఇదే. గ్యాస్ ఎంత మార్చినా పోదు. యూనిట్ ముందు గాలి బయటికి పోయే దారి ఉండాలని ఫిట్టింగ్ రోజే ఇంటివాళ్లకు చెప్పాలి.

కరెంటు పాయింట్ చూడండి. ఒకటిన్నర టన్ను మిషన్‌కు 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 ఆంప్స్ సీ కర్వ్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు), మంచి ఎర్త్ ఉండాలి. పాత ఇళ్లలో ఎర్త్ రంధ్రంలో వైరే ఉండదు. టెస్ట్ ల్యాంపు ఫేజుకు, ఎర్త్‌కు మధ్య పెట్టి చూడండి. వెలగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాకే మిషన్ ఆన్ చేయాలి.

గోడకు హోల్ బయటివైపు కొద్దిగా వాలుగా కొట్టాలి. ఇండోర్‌కు పైన జానెడు ఖాళీ వదలండి, గాలి లోపలికి వెళ్లేది అక్కడినుంచే. డ్రెయిన్ పైపుకు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఉండాలి, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు.

ఇప్పుడు ఫ్లేర్, అంటే రాగి పైపు మూతిని గరాటులా వెడల్పు చేసి నట్‌తో బిగించే జాయింట్. గ్యాస్ లీకేజీ కంప్లైంట్ వచ్చినప్పుడు ముందు వెతకాల్సింది ఈ జాయింట్లనే కాబట్టి, ఇది వచ్చేదాకా పాత పైపు ముక్కల మీద చేసి చేసి నేర్చుకోవాలి. పైపు కట్టర్‌ను ఒకేసారి గట్టిగా బిగిస్తే పైపు గుండ్రతనం పోతుంది. చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెం బిగించాలి. తెగాక లోపలి అంచున సన్నటి పొర మిగులుతుంది. పైపు మూతిని కిందికి పట్టుకుని రీమర్‌తో దాన్ని తీయాలి. మూతి పైకి ఉంటే రాగి పొడి లోపలికి జారి చివరికి కంప్రెసర్‌లో తేలుతుంది. తర్వాత ఫ్లేర్ నట్ ఎక్కించాలి. కొత్తవాళ్లు నట్ మర్చిపోయి ఫ్లేర్ చేసి, మళ్లీ కోస్తారు. మామూలు ఫ్లేరింగ్ టూల్ అయితే పైపు, దాన్ని పట్టుకునే బ్లాక్ పైకి 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు ఉండాలి, క్లచ్ టూల్ అయితే దాదాపు సమానంగా ఉండాలి. పైపు మూతిలోకి దిగే కోన్‌కు ఒక చుక్క కంప్రెసర్ ఆయిల్ రాయండి. తీశాక వెలుతురులో తిప్పి చూడండి: లోపలి ముఖం చుట్టూ ఒకే వెడల్పుతో, గీతలు లేకుండా మెరవాలి. ఒక్క సన్నటి గీత కనబడ్డా కోసేసి మళ్లీ చేయాలి.

నట్ మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే పోవాలి. చేత్తో పోలేదంటే వంకరగా ఎక్కింది. ఆ తర్వాత రెండు పానాలు పట్టాలి. ఒకటి వాల్వ్‌ను కదలకుండా ఆపడానికి, రెండోది బిగించడానికి. టార్క్ పానా ఉంటే పావు అంగుళం పైపుకు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళానికి 50 నుంచి 60. అనుమానంతో ఇంకో పట్టు బిగిస్తే ఫ్లేర్ మెడ దగ్గర పల్చబడుతుంది. ఆ రోజు లీక్ కాదు, నాలుగు నెలలకు అవుతుంది.

వాక్యూమ్ దగ్గరే ఎక్కువమంది మోసం చేస్తారు. పంపు తేకుండా, ఔట్‌డోర్‌లోని గ్యాస్‌ను కాస్త వదిలి పైపులోని గాలిని తోసేస్తారు. గాలి పోతుందేమో గానీ తేమ పోదు. ఆర్-32, ఆర్-410ఏ అనే గ్యాసులతో నడిచే మిషన్లలో వాడే ఆయిల్ తేమను బాగా పీల్చుకుంటుంది. తేమ, ఆయిల్ కలిసి లోపల యాసిడ్ తయారై, మోటారు వైండింగ్ (చుట్టిన రాగి తీగ) మీద ఉండే పూతను తినేస్తుంది. రెండు మూడేళ్లకు కంప్రెసర్ పోయినప్పుడు ఆ కారణం ఎవరికీ గుర్తుండదు. పంపు పెట్టి ఇరవై, ముప్పై నిమిషాలు నడపండి, వానాకాలంలో ఇంకాసేపు. మామూలు గేజ్ మైనస్ 30 అంగుళాలు చూపించినంత మాత్రాన పని అయినట్టు కాదు. వాక్యూమ్‌ను సన్నగా కొలిచే మైక్రాన్ గేజ్‌లో 500 కంటే కిందికి రావాలి. వాల్వ్ మూసి, పంపు ఆపి, పది నిమిషాలు చూడండి. రీడింగ్ పైకి పోతూనే ఉంటే లీక్ ఉంది. కొంచెం పెరిగి ఆగిపోతే ఇంకా తేమ ఉంది, మళ్లీ పంపు వేయండి.

రీడింగ్ నిలబడ్డాక అలెన్ కీతో ముందు సన్న పైపు వాల్వ్, తర్వాత లావు పైపు వాల్వ్ పూర్తిగా తెరవాలి. నాలుగు జాయింట్లకూ సబ్బు నురుగు రాసి చూడాలి. వాల్వ్ మూతలు వదులుగా పెట్టి వెళ్లకండి, అవి కూడా గ్యాస్‌ను ఆపేవే. పైపు కంపెనీ చెప్పిన పొడవు కంటే ఎక్కువైతే మీటరుకు ఎన్ని గ్రాములు కలపాలో మాన్యువల్‌లో ఉంటుంది. సన్న పైపు పావు అంగుళమైతే సాధారణంగా ఇరవై గ్రాముల దరిదాపు.

“కూలింగ్ రావట్లేదు” అన్న కాల్

వెళ్లగానే గేజ్ బయటికి తీయకండి. రిమోట్ ఏ మోడ్‌లో ఉందో చూడండి. ఫ్యాన్ మోడ్‌లో పెట్టి ఫోన్ చేసేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు. తర్వాత ఫిల్టర్, కాయిల్ మట్టి, బ్లోవర్, ఔట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతోందా, వోల్టేజ్ ఎంత. పదిహేను నిమిషాలు నడిపాక థర్మామీటర్‌తో ఇండోర్ పైన లోపలికి పోయే గాలి, కింద బయటికొచ్చే గాలి కొలవండి. మధ్యలో 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే మిషన్ బాగానే ఉంది. గది పెద్దదా, పై అంతస్తు స్లాబ్ వేడా, కిటికీలో సందులున్నాయా అని చూడాలి. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడి లాగడం. ఎండ కొట్టే పై అంతస్తు హాలుకు ఒక టన్ను మిషన్ పెట్టి చల్లబడలేదంటే అది రిపేరుతో తీరే విషయం కాదు.

కాయిల్ మీద మంచు కనబడితే చాలామంది గ్యాస్ తక్కువ అని తేల్చేస్తారు. మట్టితో ఫిల్టర్ మూసుకుపోయినా అదే మంచు వస్తుంది. ముందు కడగండి, అప్పుడు మాట్లాడండి.

మామూలు ఏసీలో కంప్రెసర్ కొన్ని సెకన్లు ‘గూం’ అని మూలిగి ‘టక్’మని ఆగిపోతే ముందు కెపాసిటర్ (కంప్రెసర్ మోటారు స్టార్ట్ కావడానికి ఊపునిచ్చే చిన్న డబ్బా) తీసి మీటర్ మీద చూడండి. 45 మైక్రోఫారడ్ అని రాసున్నది 30 చూపిస్తే కంప్రెసర్ స్టార్ట్ కాదు. చిన్న ఖర్చుతో పోయేదానికి కంప్రెసర్ మార్చాలని చెప్పడం అన్యాయం. కెపాసిటర్ బాగుంటేనే వైండింగ్ చూడాలి. కంప్రెసర్‌కు కామన్, రన్, స్టార్ట్ అని మూడు పిన్నులుంటాయి. కామన్ నుంచి రన్‌కు వచ్చే రెసిస్టెన్స్, కామన్ నుంచి స్టార్ట్‌కు వచ్చేది కలిపితే, రన్ నుంచి స్టార్ట్‌కు వచ్చే రీడింగ్ రావాలి. రాకపోతే, లేదా ఏ పిన్ను అయినా బాడీకి కంటిన్యూటీ చూపిస్తే, అప్పుడు కంప్రెసర్ పోయినట్టు.

ఇన్వర్టర్‌లో మూడు వైండింగులూ సమానంగా ఉండాలి. ఎర్రర్ కోడ్ రాగానే పీసీబీ మార్చమనకండి. సెన్సర్లు తీసి కొలవండి. 25 డిగ్రీల దగ్గర 5 కిలో ఓమ్స్ లేదా 10 కిలో ఓమ్స్ ఉండేవి ఎక్కువ, ఏది ఎంతో ఆ మోడల్ పట్టికలో ఉంటుంది. బోర్డు విప్పి చూడండి. బల్లి రెండు పిన్నుల మధ్య అతుక్కుని చచ్చిపోయి ఉండటం, చీమలు రిలేలో దూరడం, ఎలుకలు వైరు కొరకడం మన దగ్గర తరచూ కనిపించేవే. బోర్డు రిపేరు నేర్చుకుంటే పోటీ తక్కువ, ఆదాయం ఎక్కువ. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ, వైర్లు, ఎంసీబీలకు ట్రూప్ బజార్, టూల్స్‌కు రాణిగంజ్ తిరగడం అలవాటు చేసుకోండి.

ఇక గ్యాస్. వాడుతుంటే అయిపోయే వస్తువు కాదది. మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో రంధ్రం ఉంది. ఏటా గ్యాస్ నింపించుకునే ఇల్లు ఉందంటే, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లీక్ వెతక్కుండా డబ్బు తీసుకెళ్తున్నారని అర్థం. తక్కువైన గుర్తులివి: సన్న పైపు మీద మంచు పడుతుంది, క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఆంప్స్ ప్లేటు మీద రాసినదానికంటే బాగా తక్కువ వస్తాయి, లీకైన చోట జిడ్డు మరక ఉండి దానికి దుమ్ము అతుక్కుని ఉంటుంది. టార్చి వేసి ఫ్లేర్ నట్ల కింద ముందు ఆ మరక కోసం చూడండి. ఆ తర్వాత ఇండోర్ కాయిల్ యూ బెండ్లు, ఔట్‌డోర్‌లో ఒకదానికొకటి రాసుకునే సన్న క్యాపిలరీ పైపులు. దొరక్కపోతే మిగిలిన గ్యాస్ తీసేసి, నైట్రోజన్ 300 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా నింపి నురుగు రాయండి. అతికాక వాక్యూమ్, ఆ తర్వాత తూకం మీద గ్యాస్.

నడుస్తున్నప్పుడు లావు పైపు దగ్గర ఆర్-22కు 60 నుంచి 70, ఆర్-410ఏకు 110 నుంచి 130 పీఎస్ఐ ఉండాలంటారు, ఆర్-32 దీనికి కొంచెం ఎక్కువ. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం మారుతుంటే ఈ అంకె కూడా మారుతుంది, అందుకే అక్కడ గేజ్‌ను నమ్మి నింపకూడదు. ఔట్‌డోర్ ప్లేటు మీద గ్రాముల్లో రాసి ఉన్నంతే త్రాసు మీద పెట్టి ఎక్కించాలి. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, సిలిండర్ తలకిందులు చేసి ద్రవంగానే ఎక్కించాలి. ఒక గ్యాస్ మిషన్‌లో ఇంకో గ్యాస్ కలపడం ఎప్పుడూ వద్దు. పాత గ్యాస్‌ను గాలిలోకి ఊదేయకండి. ఒక కిలో ఆర్-410ఏ రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. రికవరీ మిషన్ పెట్టి సిలిండర్‌లోకి తీసుకోవాలి.

నీళ్లు కారుతున్నాయన్న కంప్లైంట్‌లో మొదట డ్రెయిన్ ట్రేలో పేరుకున్న జిగురు, తర్వాత పైపు వాలు, తర్వాత ఇండోర్ లెవెల్ చూడండి.

ప్రాణం మీదికి తెచ్చేవి

ఎత్తు. కిటికీ సజ్జ మీద కూర్చుని, ఒక చేత్తో గ్రిల్ పట్టుకుని పనిచేసేవాళ్లు రోజూ కనబడతారు. ఒంటికంతా వేసుకునే హార్నెస్ వేసుకోండి. తాడు కిటికీ గ్రిల్‌కు గానీ, ఔట్‌డోర్ స్టాండుకు గానీ కట్టకండి. లోపలి పిల్లరుకో, గట్టి బీముకో కట్టాలి. తుప్పు పట్టిన స్టాండు మీద కాలు పెట్టకండి. ఇంటి ఓనర్ తొందర పెట్టినా, ఉస్తాద్ కేకలేసినా, తాడు కట్టాకే కాలు బయట పెట్టండి.

ఆక్సిజన్. లీక్ టెస్టుకు నైట్రోజన్ లేదని వెల్డింగ్ ఆక్సిజన్ ఎక్కించడం బాంబు తయారుచేయడమే. ఆయిల్, ఆక్సిజన్ కలిసి ఒత్తిడిలో పేలుతాయి.

నిప్పు. ఆర్-32 కొంతవరకు మండే గ్యాస్, ఆర్-290 అయితే పూర్తిగా ప్రొపేనే. పైపులో గ్యాస్ ఉండగా వెల్డింగ్ మంట పెట్టకూడదు. మంటకు తగిలిన గ్యాస్ విషంగా కూడా మారుతుంది. కిటికీలు తెరిచాకే పని చేయండి.

ఇన్వర్టర్ బోర్డు. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా డీసీ ఉండిపోతుంది. పది నిమిషాలు ఆగి, మీటర్‌తో కొలిచాకే చెయ్యి పెట్టాలి.

పంప్ డౌన్. ఇల్లు మారేటప్పుడు గ్యాస్‌ను ఔట్‌డోర్‌లోకి తీసుకోవడానికి ముందు సన్న పైపు వాల్వ్ మూసి, కంప్రెసర్ నడిపి, గేజ్ సున్నాకు దిగుతుండగానే లావు వాల్వ్ మూసి, వెంటనే ఆపేయాలి. మిషన్ నడుస్తుండగా పైపు విప్పినా, లీకున్న మిషన్‌ను అలా నడిపినా కంప్రెసర్ గాలి పీల్చి పేలే ప్రమాదం ఉంది.

డబ్బు, మాట, వానాకాలం

హెల్పర్‌కు రోజు కూలి. కంపెనీ సర్వీస్ ఫ్రాంచైజీలో కొన్నిచోట్ల జీతం, కొన్నిచోట్ల కాల్‌కు ఇంత. కాల్ లెక్క అయితే పెట్రోలు ఎవరిది, అదే కంప్లైంట్ మళ్లీ వస్తే రెండోసారి వెళ్లినందుకు ఇస్తారా అన్నది చేరేరోజే మాట్లాడుకోండి. సొంతంగా చేయాలంటే కనీసం వాక్యూమ్ పంపు, మానిఫోల్డ్ గేజ్, క్లాంప్ మీటర్, త్రాసు, ఫ్లేరింగ్ సెట్, జెట్ పంపు, నైట్రోజన్ రెగ్యులేటర్, హార్నెస్ ఉండాలి. డబ్బు తక్కువుంటే డ్రిల్లింగ్ మిషన్ అద్దెకు తెచ్చుకోండి గానీ పంపు, త్రాసు మాత్రం మొదటిరోజే కొనండి.

కూకట్‌పల్లిలో తెలుగు చాలు. పాతబస్తీలో, మెహదీపట్నంలో ఉర్దూ రావాలి. గేటెడ్ కమ్యూనిటీల్లో గేటు దగ్గర ఎంట్రీ, సర్వీస్ లిఫ్ట్ టైమింగులు, డ్రిల్లింగ్‌కు అనుమతించే వేళలు ముందే కనుక్కోకపోతే అరపూట వృథా. ఇంట్లోకి వెళ్లేముందు చెప్పులు విప్పడం, ఎంతవుతుందో పని మొదలుపెట్టక ముందే చెప్పడం, మార్చిన పాత పార్టును “ఇదిగోమ్మా, ఇదే పోయింది” అని చేతికివ్వడం చిన్న విషయాలుగా కనిపిస్తాయి. మళ్లీ పిలిచేది వీటి వల్లే.

జూలై నుంచి జనవరి దాకా చేతిలో పని ఉండాలంటే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రిపేరు కూడా పట్టుకోండి. మెడికల్ షాపుల ఫ్రిజ్‌లు, స్వీట్ షాపుల కూలర్లు, మాంసం దుకాణాల డీప్ ఫ్రీజర్లు వానాకాలంలోనూ నడుస్తాయి, ఆగితే ఆ రోజే బాగు కావాలి. సీజన్‌లో వెళ్లిన ప్రతి ఇంటికీ ఒక పేజీ పెట్టి మోడల్, గ్యాస్ రకం, ఎన్ని గ్రాములు ఎక్కించారు, ఆంప్స్ ఎంత వచ్చాయి, తేదీ రాసుకోండి. ఫిబ్రవరి మొదటివారంలో ఆ పుస్తకం తీసి, సర్వీసు చేయించుకుంటారా అని ఒక్కో ఇంటికీ ఫోన్ చేయండి. మార్చిలో చేస్తే అప్పటికే వాళ్లు ఇంకెవర్నో పిలిచేసి ఉంటారు.